ఏడు వారాల పాపకి కుడి చెయ్యి లేవడం లేదు, ఎంతకాలం ఆగి చూడాలి? (చెన్నై)

అంబత్తూరు అమ్మ

అందరికీ నమస్తే. మాది గూడూరు దగ్గర, పెళ్ళయ్యాక చెన్నైలో అంబత్తూరులో ఉంటున్నాం. మొదటి కాన్పు. పాపకి ఇప్పుడు ఏడు వారాలు. నార్మల్ డెలివరీయే, కానీ తల బయటికొచ్చాక భుజం ఇరుక్కుంది. నాకు ఏడో నెల నుంచి షుగర్ ఉంది, పాప 4.2 కిలోలు పుట్టింది. కుడి చెయ్యి కదపడం లేదని ఆ రోజే నర్సు గమనించింది. ఎక్స్‌రే తీసి ఎముకలు ఏమీ విరగలేదన్నారు. డిశ్చార్జ్ కాగితంలో ‘ఎర్బ్స్ పాల్సీ, కుడివైపు’ అని రాసి ఇచ్చారు, అంటే పుట్టేటప్పుడు చేతి నరాలకి దెబ్బ తగిలిందట.

వేళ్ళు బాగానే ఆడిస్తుంది. నా వేలు పెడితే గట్టిగా పట్టుకుంటుంది. మోచెయ్యి మాత్రం వంచదు. చెయ్యి ఒంటికి ఆనుకుని వాలిపోయి, అరచెయ్యి వెనక్కి తిరిగి ఉంటుంది. ఎడమ చేత్తో మొహం మీదంతా తడుముకుంటుంది, కుడిది అలాగే పడి ఉంటుంది.

పిల్లల డాక్టరు ‘దానంతట అదే వచ్చేస్తుంది, ఏడాది దాకా చూద్దాం’ అంటున్నారు. నెట్‌లో వెతికితే మూడు నెలలకే ఆపరేషన్ అని ఉంది. అత్తయ్యేమో స్నానం చేయించే ఆవిడని పిలిపించి నాలుగు రోజులు నూనెతో గట్టిగా రుద్దిస్తే చెయ్యి దారికొస్తుందంటున్నారు. మా ఆయన ససేమిరా అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ.

ఎంతకాలం ఆగొచ్చు? చూపించాల్సింది ఎవరికి: పిల్లల డాక్టరుకా, ఎముకల డాక్టరుకా, నరాల డాక్టరుకా? ఈ దారిలో వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

వేళచ్చేరి నాన్న

అమ్మా, మా బాబుకీ ఇదే వచ్చింది, ఎడమ చెయ్యి. నెల తిరిగేసరికి మోచెయ్యి వంచాడు. మూడో నెలకి రెండు చేతులకీ తేడా తెలియలేదు. ఇప్పుడు వీధిలో బౌలింగ్ వేస్తున్నాడు. టెన్షన్ పడకండి, చాలామందికి తగ్గిపోయేదే. ఫిజియో మాత్రం మానకండి.

గూడూరు మామ

మన ఊరి అమ్మాయివి కాబట్టి చెబుతున్నా. పుత్తూరు కట్టు కట్టించు. ఎంతోమంది ఎముకలు అతికాయి అక్కడ. చెన్నైలో కూడా బోర్డులు కనబడతాయి. ఆపరేషన్ అని పసిబిడ్డని కోయించకు తల్లీ.

పెరంబూరు అక్క

చెల్లీ, నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. మా వాడికి ఎనిమిదేళ్ళు. వాడిదీ కుడి చెయ్యే. మెడ దగ్గర నరాలకి ఒక ఆపరేషన్, తర్వాత భుజానికి ఇంకొకటి అయ్యాయి. అంటే నేను మాట్లాడుతున్నది ఆపరేషన్ దాకా వెళ్ళిన గుంపులో నుంచి. తగ్గిపోయిన పిల్లల అమ్మానాన్నలు ఇలాంటి చోట్లకి రాయడానికి పెద్దగా రారు, అది మనసులో పెట్టుకుని చదువు.

వేళచ్చేరి నాన్నగారు చెప్పింది నిజమే. కానీ వాళ్ళ బాబు నెలకే మోచెయ్యి వంచాడు. మీ పాప ఏడు వారాలైనా వంచలేదు. నువ్వు చూడాల్సింది ఆ తేడాని.

మెడలో వెన్నుపాము నుంచి చేతికి ఐదు నరాల వేర్లు వస్తాయి: సీ5, సీ6, సీ7, సీ8, టీ1. భుజం ఎత్తడం, చెయ్యిని బయటికి తిప్పడం, మోచెయ్యి వంచడం ముఖ్యంగా పై రెండింటి పని. వేళ్ళ పని ఎక్కువగా కింది రెండింటిది. తల వచ్చేసి భుజం ఇరుక్కున్నప్పుడు మెడకీ భుజానికీ మధ్య సాగేది పై వేర్లే. పాప నీ వేలు పట్టుకుంటోందంటే కింది వేర్లు పనిచేస్తున్నాయనే. అది మంచి కబురు. మొత్తం చెయ్యి వేలాడిపోయే పిల్లలుంటారు, వాళ్ళ సంగతి వేరు.

ఇక పై వేర్లకి ఏమైందన్నది అసలు ప్రశ్న. ఉత్తగా సాగి ఉండొచ్చు, అలాంటివి వారాల్లో కోలుకుంటాయి. లోపల పోగులు తెగి మచ్చ కట్టి ఉండొచ్చు. వెన్నుపాము దగ్గరే ఊడిపోయి ఉండొచ్చు, అది మళ్ళీ అతుక్కోదు. మొదటి వారాల్లో చేతిని చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. కండల్లో కరెంటు సంకేతాలు చూసే ఈఎంజీ పరీక్ష చేయించినా, చంటిపిల్లల్లో అది ఉన్నదానికంటే బాగున్నట్టు చూపిస్తుంది. అందుకే ఈ పనిలో చెయ్యి తిరిగిన సర్జన్లు కూడా ముఖ్యంగా చూసేది ఒకటే: మోచెయ్యి వంచే బైసెప్స్ కండలో కదలిక ఎప్పుడొచ్చింది?

1980లలో పారిస్‌లో అలాన్ గిల్బెర్ట్ అనే సర్జన్ దీనికి మూడు నెలల గీత గీశారు. మూడో నెల నిండేసరికి బైసెప్స్ మేలుకోకపోతే ఆపరేషన్ సంగతి ఆలోచించాలని. తర్వాత టొరంటోలో వాళ్ళు, మోచెయ్యి ఒక్కటే కాదు, మణికట్టు, వేళ్ళు, బొటనవేలు కూడా కలిపి మార్కులు వేయాలన్నారు. అనుమానం మిగిలిన పిల్లలకి తొమ్మిదో నెలలో బిస్కెట్ పరీక్ష పెడతారు. పైచెయ్యిని ఒంటికి ఆనించి పట్టుకుని, చేతిలో బిస్కెట్ పెట్టి, మెడ ఎక్కువ వంచకుండా నోటి దాకా తెచ్చుకుంటుందా అని చూస్తారు. అంటే మూడు నెలలా, ఆరా, తొమ్మిదా అని వాళ్ళలో వాళ్ళకి తేడాలున్నాయి. ఏడాది ఊరికే కూర్చుని చూడమనే వాళ్ళు మాత్రం ఆ గుంపులో లేరు.

తొందర ఎందుకంటే, నరం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. నరం అందని కండ ఎండుతూ పోతుంది. ఏడాది, ఏడాదిన్నర దాటాక నరం వచ్చి తలుపు తట్టినా తీసేవాళ్ళుండరు.

కాబట్టి ఇప్పుడే చూపించు. ఇప్పుడు చూపించడమంటే ఇప్పుడే కోయించడం కాదు. మీ పిల్లల డాక్టరుతో గొడవ కూడా అక్కర్లేదు, ‘ఒకసారి స్పెషలిస్టుకి చూపించి వస్తాం, రెఫరల్ రాసివ్వండి’ అంటే రాసిస్తారు.

చూపించాల్సింది చేతి సర్జరీ, ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో, పిల్లల నరాల ఆపరేషన్లు చేసేవాళ్ళకి. మామూలు ఎముకల డాక్టరు మోకాళ్ళ కేసుల మధ్యలో దీన్నీ చూస్తారు, అది చాలదు. చెన్నైలో పాత జైలు రోడ్డులో స్టాన్లీ ప్రభుత్వాస్పత్రి ఉంది. చేతి చికిత్సకి అక్కడ ఆర్. వెంకటస్వామిగారు మొదలుపెట్టిన ప్రత్యేక సంస్థే ఉంది. కాట్పాడిలో దిగితే వెల్లూరు సీఎంసీ, అక్కడి చేతి సర్జరీ కేంద్రానికి పాల్ బ్రాండ్ పేరు పెట్టారు. కుష్ఠు వచ్చి వేళ్ళు వంకర్లు పోయినవాళ్ళకి స్నాయువులు, అంటే కండని ఎముకకి కలిపే తాళ్ళు, మార్చి చేతులు పనిచేయించిన మనిషి ఆయన. ఇంకొంచెం దూరమైనా ఫరవాలేదంటే కోయంబత్తూరు గంగా ఆస్పత్రి. మేం ఎక్కడ చేయించామో చెప్పను. చెబితే అది మంచిదా ఇది మంచిదా అని ఇక్కడ నాలుగు పేజీలు కొట్టుకుంటారు. ఎక్కడికెళ్ళినా సిగ్గుపడకుండా అడుగు: ఏడాది లోపు పిల్లలకి ఈ నరాల ఆపరేషన్ మీరే చేస్తారా, ఎన్నాళ్ళుగా చేస్తున్నారు అని.

మూడు నెలలు, మోచెయ్యి, ఆపరేషన్ అని ఎక్కడ చదివినా దొరుకుతుంది. ఎవరూ గట్టిగా చెప్పనిది భుజం గురించి. అందరి కళ్ళూ వేళ్ళ మీద, మోచేతి మీద ఉంటాయి. వేళ్ళు కదిలాయి అని సంతోషం, మోచెయ్యి వంగింది అని స్వీట్లు. ఈలోపు భుజం చప్పుడు చేయకుండా బిగుసుకుపోతుంది. చెయ్యిని లోపలికి తిప్పే కండలు బాగానే ఉంటాయి, బయటికి తిప్పేవి పడుకుని ఉంటాయి. రోజంతా చెయ్యి లోపలికే తిరిగి ఉంటే అలాగే గట్టిపడుతుంది. ఆ వయసులో భుజం కీలు గిన్నె ఇంకా మెత్తటి మృదులాస్థి. అందులో కూర్చునే పైచేతి ఎముక బంతి వెనక్కి జరిగితే గిన్నె ఆ ఆకారంలోనే పెరుగుతుంది. ఎక్స్‌రేలో అది సరిగ్గా కనబడదు, అల్ట్రాసౌండ్‌లో కనబడుతుంది. నరాలు మొత్తం కోలుకున్న పిల్లలకి కూడా ఈ భుజం సమస్య మిగిలిపోవడం ఉంది. స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళినప్పుడు మోచెయ్యి గురించి వాళ్ళే చెబుతారు, భుజం గురించి నువ్వు అడుగు.

గూడూరు మామగారూ, కట్టు ఎముకకి కడతారు. పాపకి ఎముక విరగలేదు. చేతిని ఒంటికి బిగించి నెలలు కట్టి ఉంచితే నేను పైన చెప్పిన బిగుసుకోవడం ఇంకా తొందరగా వస్తుంది. దయచేసి ఆ సలహా వెనక్కి తీసుకోండి.

అత్తయ్యగారి సంగతి. నూనె రాయొద్దని కాదు, మెత్తగా రాయొచ్చు. కాళ్ళ మీద పడుకోబెట్టి, రెక్క పట్టి ఊపి, కుడి చెయ్యి ఎడమ కాలికి తగిలించే కసరత్తులు, చేతులు పట్టుకుని పైకి లేపడం మాత్రం వద్దే వద్దు. ‘డాక్టరు వద్దన్నారు’ అని చెబితే వినరు, మాకు తెలుసు. ‘చూపించుకొచ్చేదాకా ఆగుదాం అత్తయ్యా’ అను, ఆ మాట పనిచేస్తుంది.

అంబత్తూరు అమ్మ

అక్కా, మీరు రాసింది మా ఆయన రెండుసార్లు చదివారు. వచ్చే వారం స్పెషలిస్టు ఓపీకి వెళ్తున్నాం. ఆపరేషన్ అంటే ఏం చేస్తారో చెబుతారా? కాలి నరం తీసి చేతికి వేస్తారని ఎక్కడో చదివాను. అప్పుడు కాలు ఏమవుతుంది? ఒక చెయ్యి బాగు చేయడానికి కాలు పోగొట్టుకోవాలా? ఇంకోటి, ఇదంతా నా షుగర్ వల్లే అని ఇంట్లో అంటున్నారు. డెలివరీ చేసిన డాక్టరు లాగేశారని అమ్మావాళ్ళు అంటున్నారు. నేను ఎవరికీ సమాధానం చెప్పలేకపోతున్నా.

పెరంబూరు అక్క

ముందు ఆ రెండో సంగతి. షుగర్ ఉంటే బిడ్డ భుజాలు లావుగా పెరుగుతాయి, భుజం ఇరుక్కునే అవకాశం పెరుగుతుంది, అది నిజం. షుగర్ లేని తల్లులకీ, మామూలు బరువు బిడ్డలకీ ఇది వస్తుంది. సిజేరియన్‌లో కూడా అరుదుగా వస్తుంది. తల బయట, ఒళ్ళు లోపల ఉండిపోతే బిడ్డకి ఆక్సిజన్ అందే నిమిషాలు తక్కువ. ఆ గదిలో ఏం జరిగిందో బయట కూర్చున్న మీ అమ్మకీ, అత్తయ్యకీ తెలిసే దారి లేదు. తప్పెవరిదన్న పంచాయితీ ఇప్పుడు పెట్టుకుంటే పాప చేతికి దక్కాల్సిన ఓపిక దానికే ఖర్చయిపోతుంది. డెలివరీ నోట్స్ కాపీ మాత్రం అడిగి తీసుకో. ఎలా పుట్టింది, వాక్యూమ్ వాడారా, ఎంత బరువు, ఇవన్నీ సర్జన్ అడుగుతారు. రెండో కాన్పు వచ్చినప్పుడు మొదటి చెకప్‌లోనే ఈ సంగతి చెప్పాలి, మళ్ళీ ఇరుక్కునే అవకాశం మామూలు కంటే ఎక్కువ.

ఇక ఆపరేషన్. మావాడికి మూడో నెల నిండినా బైసెప్స్ రాలేదు, ఇంకొన్ని వారాలు చూసి ఐదో నెలలో చేశారు. కాలర్ బోన్ పైన కోసి, మైక్రోస్కోపులో చూస్తూ, పోగులు తెగి గడ్డకట్టిన మచ్చ భాగాన్ని తీసేస్తారు. మధ్యలో పడిన ఖాళీకి వంతెన కావాలి. దానికే కాలి నరం. పిక్క వెనక ఉండే సూరల్ నరం అది, పని స్పర్శ మాత్రమే. దాంతో ఏ కండా కదలదు. తీశాక పాదం బయటి అంచున కాస్త మొద్దుగా ఉంటుంది, అంతే. మావాడు అందరికంటే ముందు పరుగెత్తుతాడు. పిక్క మీద మచ్చ ఉంది, పులి గీరిందని బళ్ళో చెప్పుకుంటున్నాడు. ఒకడు నమ్మాడు కూడా.

వేరు వెన్నుపాము నుంచే ఊడిపోయి ఉంటే వంతెనకి ఇవతలి గట్టు ఉండదు. అప్పుడు పక్కన పనిచేస్తున్న నరంలో నుంచి కొంత తెచ్చి కలుపుతారు. చేతివేళ్ళకి వెళ్ళే అల్నార్ నరంలో ఒక పోగుని బైసెప్స్ నరానికి కలపడం ఒక పద్ధతి, ఒబెర్లిన్ అనే ఫ్రెంచి సర్జన్ 1994లో ప్రచురించారు. మెడ కండకి వెళ్ళే నరాన్ని భుజం నరానికి కలపడం, పక్కటెముకల మధ్య నరాలు తెచ్చి కలపడం కూడా ఉన్నాయి. ఏది చేయాలన్నది చాలాసార్లు తెరిచి చూశాకే తేలుతుంది. అందుకే ఆపరేషన్ ఇన్ని గంటలు అని ముందుగా కచ్చితంగా చెప్పరు. పొద్దున తీసుకెళ్ళారంటే సాయంత్రం దాకా అక్కడే అనుకో. పాలు మాన్పించే టైము, మత్తు డాక్టరు అడిగే ప్రశ్నలు, వాటికి వాళ్ళే కాగితం ఇస్తారు.

ఆ తర్వాత మూడు వారాలు చెయ్యి, మెడ కదలకుండా కట్టి ఉంచారు. ఎండాకాలం, పెరంబూరు, కరెంటు కోత. అది నేను వర్ణించను.

తెలిసి ఉండాల్సిన సంగతి ఒకటుంది. మర్నాడు చెయ్యి లేవదు. మచ్చ భాగంలోంచి వచ్చే కాస్త కదలిక ఉంటే, దాన్ని కోసి తీసేస్తారు కాబట్టి కొన్నాళ్ళు అది కూడా పోతుంది. చుట్టాలు వచ్చి ‘ఆపరేషన్ చేయించి ఉన్నది కూడా పోగొట్టారు’ అంటారు. అననీ. మెడ నుంచి పైచేతి కండ దాకా పది సెంటీమీటర్లు అనుకున్నా రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున లెక్క వేసుకో. మావాడి మోచెయ్యి ఆపరేషన్ తర్వాత ఆరు నెలలు దాటాకే వంగింది. రెండేళ్ళు దాటే దాకా మెరుగవుతూనే వచ్చింది.

భుజం అంత బాగా రాలేదు. ఫిజియో మానకపోయినా బిగిసింది. కొందరికి ఏడాది లోపలే లోపలికి లాగే కండల్లో, వాటిని కొన్నాళ్ళు సడలించే బోటాక్స్ ఇంజెక్షన్ వేసి, చెయ్యి బయటికి తిప్పి కొన్ని వారాలు కట్టు వేస్తారు. మావాడికీ వేశారు, కొంత పనిచేసింది. నాలుగేళ్ళప్పుడు వీపు వైపు నుంచి చెయ్యిని లోపలికి లాగే రెండు కండల స్నాయువుల్ని విడదీసి, బయటికి తిప్పేలా ఇంకోచోట కుట్టారు. చెయ్యి పైకెత్తి ఉంచే కట్టుతో ఆరు వారాలు. ఆటో ఎక్కించడమే పెద్ద పని, ఏ ఆటోవాడూ ఆపేవాడు కాదు. ఇప్పుడు చెయ్యి తల దాకా వెళ్తుంది, దువ్వుకుంటాడు. బయటికి తిరగడం వచ్చినందుకు లోపలికి తిరగడం కొంచెం తగ్గింది. నిక్కరు బొత్తాం పెట్టుకోవడం మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది. పెద్ద పిల్లలకైతే, కీలు ఆకారం మారిపోయి ఉంటే, పైచేతి ఎముకనే కోసి తిప్పి పెట్టే ఆపరేషన్ కూడా ఉంది. మాకు ఆ అవసరం రాలేదు.

మిగిలినవి ఏమిటంటే, కుడి చెయ్యి రెండోదానికంటే కొంచెం పొట్టి, కొంచెం సన్నం. కుడి చేత్తో ముద్ద నోట్లో పెట్టుకుంటే మోచెయ్యి పక్కకి లేస్తుంది, పక్కన కూర్చున్నవాడికి తగులుతుంది. గుళ్ళో తీర్థం పట్టేటప్పుడు అరచెయ్యి పూర్తిగా పైకి తిరగదు, నడుము పక్కకి వంచి పడతాడు. రాత ఎడమ చేత్తో. అక్షరాభ్యాసం నాడు పంతులుగారు కుడి చెయ్యే పట్టుకుని దిద్దించారు, మర్నాటి నుంచి వాడు ఎడమ చేత్తో దిద్దుకున్నాడు. పెళ్ళి భోజనాల్లో ఎవరో ఒకరు ‘ఎడమ చేత్తో తింటున్నావేంట్రా’ అంటారు. వాడే చొక్కా మెడ కిందికి లాగి మచ్చ చూపిస్తాడు. వాళ్ళ ముద్ద అక్కడే ఆగిపోతుంది.

డబ్బు గురించి అడగలేదు కానీ చెబుతా. ప్రభుత్వాస్పత్రికి వెళ్తే ఆ భారం చాలా తగ్గుతుంది. ప్రైవేటులో అయితే అడ్మిషన్‌కి ముందే బీమా కౌంటర్‌లో ఆపరేషన్ పేరు రాయించి, మీ దగ్గరున్న కార్డు దానికి చెల్లుతుందో లేదో అడుగు. తమిళనాడు ముఖ్యమంత్రి బీమా కార్డున్నవాళ్ళు, ఆంధ్రా కార్డున్నవాళ్ళు, కంపెనీ బీమావాళ్ళు ఒక్కొక్కరికీ ఒక్కో దారి. పుట్టుకతో వచ్చినదని కంపెనీ బీమావాళ్ళు తిప్పికొడితే ఊరుకోవద్దు. ఇది పుట్టుక లోపం కాదు, పుట్టేటప్పుడు తగిలిన గాయం. ఆ ముక్క డాక్టరుతో రాయించుకో.

విల్లివాక్కం ఫిజియో

నేను పిల్లల ఫిజియోథెరపిస్టుని, మాది చిత్తూరు. అక్క చెప్పిన భుజం సంగతికి రెండు చేతులా దండం. మా దగ్గరికి పిల్లలు ఎనిమిదో నెలలో, పదో నెలలో వస్తారు. మోచెయ్యి వంగుతుంది, భుజం రాయిలా ఉంటుంది.

అమ్మా, మొదటి ఒకటి రెండు వారాలు చేతికి విశ్రాంతి ఇస్తారు, మీ పాపకి అది దాటింది. ఇప్పుడు కీళ్ళు బిగుసుకోకుండా కదిలించాలి. చేతిలో చెయ్యి పెట్టి నేర్పించుకోవాలి తప్ప వీడియోలు చూసి మొదలుపెట్టకండి. వెళ్ళిన చోట ఫిజియో దీన్ని ప్రత్యేకంగా నేర్పించారా అని చూసుకోండి: పాప వెల్లకిలా ఉండాలి, పైచెయ్యి ఒంటికి ఆని ఉండాలి, మోచెయ్యి తొంభై డిగ్రీలు వంచి, ముంజేతిని మెల్లగా బయటికి, పరుపు వైపు తిప్పాలి. ఆగిన చోట కాసేపు పట్టుకోవాలి. గట్టిగా నొక్కకూడదు. డయాపర్ మార్చిన ప్రతిసారీ చేస్తే మర్చిపోరు. రెండు చేతులకీ చేయండి. అప్పుడు కుడిది ఎక్కడ ఆగుతోందో మీ చేతికే తెలుస్తుంది. నిన్నటిదాకా తిరిగినంత ఇవాళ తిరగకపోయినా, భుజం దగ్గర టక్కుమన్నా, చంక మడతలు రెండు వైపులా తేడాగా కనబడినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, అల్ట్రాసౌండ్ అడగండి.

చొక్కా వేసేటప్పుడు కుడి చెయ్యి ముందు దూర్చండి, విప్పేటప్పుడు చివర తీయండి. చంకల కింద చేతులు పెట్టి ఎత్తొద్దు, ఒక చెయ్యి వీపు కింద, ఒకటి పిరుదుల కింద. ఆ చేతికి స్పర్శ తక్కువగా ఉండొచ్చు, వేడినీళ్ళు జాగ్రత్త. పళ్ళొచ్చాక కొంతమంది పిల్లలు ఆ వేళ్ళు కొరుక్కుంటారు, పుండ్లు పడేదాకా మనకి తెలియదు.

ఇంకో రెండు చూడండి. కుడి కన్ను రెప్ప కొంచెం వాలి, ఆ కంటిపాప ఎడమదానికంటే చిన్నగా ఉందా? ఉంటే కింది వేర్లకి కూడా దెబ్బ ఉందని సూచన. అలాంటి పిల్లల విషయంలో సర్జన్లు ముందే తొందరపడతారు. పాలు తాగేటప్పుడు ఆయాసపడుతోందా, గుక్క వదిలి వదిలి తాగుతోందా? ఊపిరికి పనికొచ్చే డయాఫ్రమ్ నరం కూడా మెడలోంచే వస్తుంది, ఒక్కోసారి దానికీ దెబ్బ తగులుతుంది. ఈ రెండూ లేకపోతే ఆ మేరకు నిశ్చింత.

కరెంటు షాకుల మెషిన్ కొనమని ఎవరైనా అంటే కొనకండి. దానివల్ల నరం తొందరగా పెరుగుతుందని గట్టి ఆధారం లేదు. చాలామంది పిల్లలు దానికి ఏడుస్తారు, ఆ తర్వాత చెయ్యి ముట్టుకోనివ్వరు. అది మన వ్యాయామానికే అడ్డం.

గూడూరు మామ

సరేనమ్మా, కట్టు వద్దులే. ఎముక, నరం ఒకటే అనుకున్నా. వెల్లూరు వెళ్ళేట్టయితే కాట్పాడిలో మా బావమరిది ఇల్లుంది, భోజనానికి ఇబ్బంది ఉండదు.

అంబత్తూరు అమ్మ

అందరికీ థాంక్స్. రెప్ప బాగానే ఉంది, పాలు కూడా గటగటా తాగుతోంది. అత్తయ్యకి ఫిజియోగారు రాసింది చదివి వినిపించా. ఆ డయాపర్ వ్యాయామం తనకే నేర్పించమని అంటున్నారు, ఆస్పత్రికి తనూ వస్తారట. చివరిగా ఒక్కటి. డాక్టరు ముందు పాప ఏడుస్తూ ఏమీ కదపదు, లేదా నిద్రపోతుంది. వీడియో తీసుకెళ్తే చూస్తారా?

పెరంబూరు అక్క

చూస్తారు, మా సర్జనే అడిగేవారు. పాలు తాగి అరగంట అయ్యాక తీయండి, డయాపర్ తప్ప ఒంటి మీద ఏమీ ఉండకూడదు, ఫ్యాన్ ఆపెయ్యండి. మొదట వెల్లకిలా పడుకోబెట్టి, తర్వాత మెడ పట్టుకుని కూర్చోబెట్టి. పడుకున్నప్పుడు చెయ్యి పరుపు మీద జారినా కదిలినట్టే కనబడుతుంది, కూర్చోబెడితేనే బరువు ఎత్తుతోందో లేదో తెలుస్తుంది. ఎడమ చెయ్యిని ఎవరైనా మెల్లగా పట్టుకుని, కుడివైపు గిలక్కాయ ఆడించండి. రెండు నిమిషాలు చాలు. ప్రతి ఆదివారం అదే మంచం మీద, అదే వైపు నుంచి తియ్యి, వారం వారం తేడా తెలుస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ పెట్టకు, మా ఆయన పెట్టారు, సర్జన్ మ్యూట్ చేసి చూశారు. డిశ్చార్జ్ కాగితం, డెలివరీ నోట్స్ తీసుకెళ్ళండి, ఎక్స్‌రే మాత్రం జెరాక్స్ కాదు, అసలు ఫిల్మే. స్టాన్లీ అయితే ఓపీ చీటీకి పొద్దున్నే లైన్లో ఉండాలి, అత్తయ్యగారికి కూర్చోడానికి ఏదైనా పట్టుకెళ్ళు.